ఏటికి ఎదురెక్కిన మన్ను

“జాకెట్‌ని మొదట ముట్టుకుంది ఎవరు?”

“నేనేనండి.”

“తరవాత?”

“ఇంకెవరూ ముట్టుకోలేదు. నేనే తెచ్చి ఈ గదిలో మేకుకి తగిలించాను. అప్పట్నించి అక్కడే ఉంది.”

అత్తగారు తలూపింది. ఆవిడ అలా తలూపినప్పుడల్లా అవతలివాళ్ళకి కాస్త ధైర్యం వస్తుంది. ధైర్యం తెచ్చుకోవాల్సిన సమయం అది కాదని ఆరేళ్ళుగా చూస్తున్న అల్లుడికి తెలుసు. తలుపు పక్కన నిలబడి, ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకుంటున్నాడు.

బోటు రేవు పక్కనున్న రక్షణ దళం గది అది. గోడలకి తాళ్ళ చుట్టలు, మూల పడవ తెడ్లు, బల్ల మీద ఉదయం బోట్లవాళ్ళు విప్పి పడేసిన లైఫ్ జాకెట్ల గుట్ట. బల్లకి అవతల నిలబడ్డ మనిషి రక్షణ దళం నాయకుడు. నిలువు కొండని కూడా పట్టుకుని పాకగలడని పార్కులో అందరూ అతన్ని ఉడుము అంటారు. ఆ పేరంటే అతనికీ ముద్దే.

కుర్చీలో ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. ఒకప్పుడు అత్తగారి కింద పనిచేసి, ఆవిడ రిటైరయ్యాక ఆవిడ కుర్చీలోకే వచ్చినవాడు. ఆవిడ ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోందని తెలిసినా, తెలియనట్టే ఉంటాడు.

“పెద్దమ్మగారూ, మీరు కూతురూ అల్లుడూ మనవలతో ఏదో నాలుగు రోజులు ఏరూ లోయా చూసి పోదామని వచ్చారు. హాయిగా బోటెక్కి తిరగండి. ఎందుకొచ్చిన శ్రమ?” అన్నాడు.

“బోటెక్కాను బాబూ. బాగుంది,” అంది ఆవిడ, జాకెట్ మీంచి చూపు తిప్పకుండా.

గోడ వారన స్టూలు మీద కూర్చున్న అమ్మాయి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆమె భర్త ఈ జాతీయ పార్కులో పక్షుల లెక్క చూసే ఉద్యోగి. మొన్న తెల్లవారుతూనే పనికి బయల్దేరినవాడు మళ్ళీ రాలేదు. గద్దల బండ వైపు నడుస్తుండగా చూశానని ఉడుము చెప్పాడు. ఆ బండ కిందే, ఏట్లో అడ్డంగా పడున్న దుంగకి తగులుకుని జాకెట్ దొరికింది. కాలు జారి ఏట్లో పడి కొట్టుకుపోయాడని ఇన్‌స్పెక్టరు తేల్చేశాడు. ఈ సాయంత్రంతో గాలింపు ఆపేయమని పార్కు డైరెక్టరు చెప్పేశాడు. మిగిలింది ఆ అమ్మాయి సంతకం ఒక్కటే. పొద్దున ఆమె లాడ్జి వరండాలో అత్తగారి చెయ్యి పట్టుకుని, “మా ఆయన పోయాడని నన్ను సంతకం పెట్టమంటున్నారండీ, నాకు చెయ్యి రావట్లేదు,” అని ఏడ్చింది. అత్తగారి సెలవు అక్కడితో సరి.

“ఎర్రవాగు వైపు ఈమధ్య వెళ్ళారా?” అత్తగారు ఉడుముని అడిగింది.

“ఎర్రవాగా? లేదండి. నెల దాటిపోయింది. అటు టూరిస్టులు కూడా పోరు.”

“ఈ జాకెట్ తెచ్చినప్పుడు బకిల్స్ ఎలా ఉన్నాయి?”

“ఇలాగే. మూడూ పెట్టే ఉన్నాయి. నేను కదపలేదండి.”

“సరే. మీరు నిలబడండి, మీతో ఇంకా పనుంది.” ఆవిడ వెనక్కి తిరిగింది. “అల్లుడుగారూ, ఒకసారి ఇలా రండి. ఈ గుట్టలోంచి ఒక జాకెట్ తొడుక్కోండి.”

అల్లుడు పళ్ళ డాక్టరు. అత్తగారు రమ్మన్నప్పుడు ఎందుకని అడిగే అలవాటు పెళ్ళైన మొదటి ఏడే పోయింది. జాకెట్ తొడుక్కున్నాడు. ఆవిడే దగ్గరికొచ్చి మూడు బకిల్సూ పెట్టి, పట్టీలు బిగించింది.

“ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు బలమైనవారు. బకిల్స్ విప్పకుండా దీన్ని మా అల్లుడి ఒంటి మీంచి లాగెయ్యండి చూద్దాం.”

“ఇదేం ఆటండీ?”

“ఏరు చేసిందంటున్నారుగా. మీరూ చేసి చూపించండి.”

ఇన్‌స్పెక్టరు నవ్వుతూ లేచి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాడు. జాకెట్ అల్లుడి గడ్డానికి తగిలి ఆగింది. ఇంకాస్త గట్టిగా లాగాడు. అల్లుడి మడమలు నేల మీంచి లేచాయి కానీ, జాకెట్ రాలేదు. మూడోసారి లాగేసరికి ఇన్‌స్పెక్టరు మెడ ఎర్రబడింది. వేళ్ళూనుకున్న దవడ పన్ను ఒకటి ఎంత పీకినా రాకపోతే తనకెలా ఉంటుందో ఇప్పుడు ఇన్‌స్పెక్టరుకి అలా ఉండి ఉంటుందని అల్లుడికి అనిపించింది. పైకి మాత్రం అనలేదు.

“ప్రవాహం బలం వేరు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు వగరుస్తూ.

“ప్రవాహమే లాగేసుంటే పట్టీ తెగాలి, బకిల్ విరగాలి. ఇందులో దారప్పోగు కూడా లేవలేదు. ఈ జాకెట్‌ని మనిషే విప్పాడు. ఆ తరవాత ఖాళీ జాకెట్ బకిల్స్ మళ్ళీ ఎవరో పెట్టారు.”

“ఖాళీ జాకెట్‌కి బకిల్స్ ఎవరు పెడతారండీ పనీపాటా లేకుండా?”

“అలవాటున్నవాళ్ళు.”

గదిలో అందరూ మాటలాపిన ఆ క్షణంలో టిక్‌మని చిన్న చప్పుడు వినిపించింది. అందరి తలలూ అటే తిరిగాయి. ఉడుము చేతుల్లో గుట్టలోని జాకెట్ ఒకటుంది. ఇందాకట్నించీ ప్రశ్నలకి జవాబులు చెబుతూనే ఒక్కోటీ తీసి, బకిల్స్ పెట్టి, పక్కన పేరుస్తున్నాడు. పని చేసీ చేసీ చేతులకి పట్టేసిన అలవాటు. తను చేస్తున్నదేమిటో తనకే అప్పుడు తెలిసినట్టు చేతిలోని జాకెట్‌ని బల్ల మీద వదిలేశాడు.

“ఇది రుజువు కాదు,” ఇన్‌స్పెక్టరు గొంతు పెంచాడు. “దళంలో అందరికీ ఉంటుంది ఆ అలవాటు. ఇంతకాలం డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి, మీరు కూడా ఇలా గాల్లో మేడలు కడితే ఎలా?”

“మేడ సంగతి తరవాత. ముందు మన్ను చూడండి.”

ఆవిడ మేకు మీంచి జాకెట్ దింపి, నడుం పట్టీ మడత విప్పి వెలుతురులో పెట్టింది. నారింజ రంగు గుడ్డ మడత లోపల ఎండిన మన్ను గీతలా అంటుకుని ఉంది. కుంకుమలా ఎర్రటి మన్ను.

“ఈ లోయంతా సున్నపురాయి. రేవు తెల్లన, దారి తెల్లన, గద్దల బండ తెల్లన. ఏట్లో నీళ్ళు అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. ఎర్రమన్ను ఉన్నది ఎర్రవాగు గండిలో ఒక్కచోటే. నిన్న బోటులో చూశాం. ఆ వాగు ఏట్లో కలిసేది ఎక్కడ? ఈ జాకెట్ దొరికిన చోటికి అరగంట ప్రయాణం కింద. మరి కింద ఉన్న మన్ను ఏటికి ఎదురెక్కి పైనున్న దుంగ దగ్గరికి ఎలా వచ్చింది?”

ఇన్‌స్పెక్టరు తెలివితక్కువవాడేం కాదు. వెంటనే అందుకున్నాడు. “అంతకుముందెప్పుడో అతను ఎర్రవాగుకి వెళ్ళుంటాడు. అప్పుడంటిన మన్నే అది.”

“లేదండీ!” స్టూలు మీంచి ఆ అమ్మాయి లేచి నిలబడింది. “అది కొత్తది. పాతది చిరిగిపోతే స్టోర్‌లో ఇచ్చారు. ఆ పొద్దున కవరు చింపి నేనే తొడిగాను. ఏరు దాటేదాకా వేసుకుంటాను, కొండెక్కేటప్పుడు విప్పేస్తాను, గొణక్కు అన్నాడు.”

ఇన్‌స్పెక్టరు జాకెట్‌ని చేతిలోకి తీసుకుని మడత మళ్ళీ విప్పి చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు.

“దీన్ని ముట్టుకుంది తనొక్కడేనని ఆయనే చెప్పాడు. ఎర్రవాగుకి నెలరోజులుగా పోలేదనీ ఆయనే చెప్పాడు,” అంది అత్తగారు. “రెండూ నిజం కావడానికి వీల్లేదు. పదండి, ఎర్రవాగుకి పోదాం. ఆయన్నీ బోటెక్కించండి. అక్కడ ఏమీ దొరక్కపోతే, ఈ అమ్మాయి చేత సంతకం పెట్టించడానికి నేనే ఒప్పిస్తాను.”

“డైరెక్టరు గారికి ఒక మాట చెప్పి...”

“దొరికాక చెబుదురు గాని.”

*

ఎర్రవాగు గండిలో ఆకాశం సన్నటి పట్టీలా కనిపించింది. రెండు వైపులా రాతిగోడలు నిటారుగా లేచాయి. బోటు దిగి, తడిసిన ఎర్రమన్నులో చెప్పులు కూరుకుపోతుండగా అందరూ కొండ మీదికి కాలిబాట పట్టారు. ముందు అత్తగారు, వెనక ఇన్‌స్పెక్టరు, ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య ఉడుము, ఆ వెనక ఆ అమ్మాయి, తాళ్ళ చుట్టలు మోస్తూ రక్షణ దళంలోని పిల్ల ఒకతె. ఆ పిల్లని చీమ అంటారు. మనిషి అంతే ఉంటుంది, బరువు మాత్రం తనకి మూడింతలు మోస్తుంది. చివర అల్లుడు. ఎత్తులంటే అతనికి చచ్చేంత భయం. మేడ మీద బట్టలారేయడానికి కూడా భార్యనే పంపుతాడు.

పైకెక్కేసరికి జలపాతం హోరు చెవుల్ని నింపేసింది. అంచుకి పది బారల ఇవతల ఒక బండరాయి ఉంది. అత్తగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుంది.

“ఇన్‌స్పెక్టర్ గారూ, ఇలా రండి. ఇదేంటి?”

బండలోకి దిగ్గొట్టిన ఇనుప కొక్కెం. తుప్పు చుక్క లేదు. దాని చుట్టూ రాలిన రాతిపొడి ఇంకా తెల్లగానే ఉంది. అంచు దగ్గర నాచు మీద తాడు ఒరుసుకున్న గాడి కనిపించింది.

“టూరిస్టులు రాని చోట ఈ కొక్కెం ఎవరికోసం?” ఆవిడ ఉడుము వైపు చూసింది.

“నాకు తెలీదండి. ఎవరైనా కొట్టుండొచ్చు,” అన్నాడు ఉడుము.

కింద గోడలో బైరిపక్షుల గూళ్ళున్నాయని ఆ అమ్మాయి చెప్పింది. బైరి అంటే మామూలు డేగ కాదు. ఆకాశంలోంచి రాయి పడ్డట్టు పడి వేటాడుతుంది. వేటకి పెంచుకునే దొరబాబులు దొంగచాటుగా దాని పిల్లల్ని ఎంతకైనా కొంటారు. “ఈ ఏడు రెండు గూళ్ళు ఖాళీ అయ్యాయని మా ఆయన వారం రోజులుగా అన్నం సరిగ్గా తినలేదండీ. ఎటు వెళ్తున్నాడో కూడా అందుకే చెప్పలేదేమో.”

అంచు దగ్గర నిలబడి అందరూ కిందికి అరిచారు. జలపాతం ఆ అరుపుల్ని మింగేసింది. గోడ మధ్యలో పొట్టలా ముందుకొచ్చిన రాయి అడ్డమై, దాని కింద ఏముందో కనిపించడం లేదు.

“అల్లుడుగారూ, మీ కళ్ళు మంచివి. పడుకుని తొంగిచూడండి. నేను మీ కాళ్ళు పట్టుకుంటాను.”

అత్తగారి చేత కాళ్ళు పట్టించుకోవడం మర్యాద కాదని చెప్పబోయి, అసలు చెప్పాల్సింది అది కాదని అల్లుడికి తట్టింది. బోర్లా పడుకుని, కళ్ళు మూసుకునే అంచు దాకా పాకాడు. తెరిచాడు. కింద వాగు ఎర్రదారంలా ఉంది. అయినా తల వెనక్కి తియ్యలేదు. వెనక ఆ అమ్మాయి నిలబడి ఉందని అతనికి తెలుసు.

“ఏం కనిపిస్తోంది?”

“పక్షి. పెద్దదే. కాళ్ళలో ఏదో పట్టుకుంది... పావురమేమో. దిగబోతోంది. ఊహూఁ, మళ్ళీ లేచింది. గొడవగా అరుస్తోంది. మళ్ళీ దిగబోయింది. మళ్ళీ లేచింది.”

కాళ్ళ మీద అత్తగారి పట్టు బిగుసుకుంది. “మేత తెచ్చిన తల్లి గూట్లో కాలు పెట్టడం లేదా?”

“లేదు. ఆఁ, పైనుంచే పడేసి పోయింది. పావురం ఇక్కడికి కనిపించే రాతి గట్టు చివర పడింది.”

“చూస్తూ ఉండండి. రెప్ప వెయ్యకండి.”

అల్లుడు చూస్తూ ఉన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా చూశాడు. పొట్టరాయి నీడలోంచి ఏదో మెల్లగా బయటికి వచ్చింది. ముందు అది కొమ్మ అనుకున్నాడు. కొమ్మకి అయిదు వేళ్ళుండవు. ఆ వేళ్ళు పావురాన్ని అందుకుని, జాగ్రత్తగా, అన్నం కంచం జరిపినట్టు, లోపలివైపు నెట్టాయి.

“చెయ్యి!” అతను పెట్టిన కేక జలపాతాన్ని కూడా దాటింది. “అత్తయ్యా, చెయ్యి! మనిషి చెయ్యి! బతికే ఉన్నాడు, పక్షి పిల్లలకి మేత పెడుతున్నాడు!”

ఆ అమ్మాయి మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులతో నేలని పట్టుకుంది. ఇన్‌స్పెక్టరు టోపీ తీసేశాడు. ఎందుకు తీశాడో అతనికే తెలియదు.

తరవాత పనంతా చీమది. కొక్కేనికి తాడు కట్టి, ఇంకో తాడు నడుముకి చుట్టుకుని, మెట్లు దిగినట్టు గోడ దిగిపోయింది. పైన తాడు పట్టుకున్నవాళ్ళలో ఇన్‌స్పెక్టరు ముందు నిలిచాడు. అతని వెనక అల్లుడు. తాడు అరచేతుల్ని కోస్తుంటే అల్లుడు పళ్ళు కొరికాడు. అలా కొరకొద్దని రోజూ పదిమందికి చెప్పే మనిషి! ఒక్కో బారా లాగుతుంటే ముందు ఎర్రమన్ను కొట్టుకున్న జుట్టు, తరవాత పగిలిన పెదాలు, తరవాత నవ్వు అంచు మీదికి వచ్చాయి.

పక్షుల మనిషి పైకి రాగానే భార్య అతన్ని వాటేసుకుంది. వాటేసుకుని రెండు చేతులతో వీపు మీద బాదింది. “గొణక్కు అన్నావు! గొణక్కు అన్నావు కదూ!” అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. కానిస్టేబుళ్ళు చప్పట్లు కొట్టారు. చీమ ఈల వేసింది. అల్లుడు రక్తం చిమ్మిన అరచేతుల్ని చూసుకుంటూ, అంచుకి రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నానని గమనించాడు. కాళ్ళు వణకడం లేదు. ఇంటికెళ్ళాక ఈ మాట ఎలా చెప్పాలా అని అప్పుడే ఆలోచించుకుంటున్నాడు.

“నీళ్ళకి ఏం చేశారు?” అత్తగారు సీసా అందిస్తూ అడిగింది.

“రాతిలోంచి ఊట కారుతోందండీ, నాకుతూ బతికాను. జేబులో బిస్కెట్లుండేవి. పిల్లల మేత మాత్రం ముట్టుకోలేదు.” అతను గటగటా తాగాడు. “మూడు పిల్లలు. మూడూ బాగున్నాయి.”

ఇన్‌స్పెక్టరు ఉడుము చొక్కా కాలరు పట్టుకున్నాడు. అడగక్కర్లేకుండానే ఉడుము ఏడుపు మొదలుపెట్టాడు. “నేను చంపాలనుకోలేదు సార్. పక్షి పిల్లల కోసం నేను కొక్కేనికి కట్టిన తాడు పట్టుకుని ఈయన దిగిపోయాడు. ఈయన విప్పి పెట్టిన జాకెట్ తీసుకెళ్ళి దుంగకి తగిలించిన మాట నిజమే, తాడు లాగేసిన మాటా నిజమే. లాగమన్నారు, లాగాను.”

“ఎవరు లాగమన్నారు?”

ఉడుము దవడ బిగించాడు. ఆ పట్టు చూస్తే పేరు ఊరికే రాలేదని తెలుస్తోంది.

పక్షుల మనిషి సీసా దించాడు. “పైన ఇద్దరున్నారండీ. ఇతని గొంతు నాకు తెలుసు. రెండో మనిషి నాకు కనిపించలేదు, తాడు పైకి లాగిన కాసేపటికి అంచు దాకా వచ్చి ఇతనితో మాట్లాడాడు. గాలి కిందికి తిరిగి ఆ మాట నాకు వినిపించింది. ‘కంగారు పడకు, మిగతాది ఎండ చూసుకుంటుంది,’ అన్నాడు. అంత తాపీగా. ఈ హోరులో ఎవరిదో తట్టలేదు కానీ, ఆ గొంతు మళ్ళీ వింటే పోల్చుకుంటాను.”

ఇన్‌స్పెక్టరు అత్తగారి వైపు తిరిగాడు. “మేడమ్,” అన్నాడు. పాత రోజుల్లో ఆవిడ బల్ల ముందు నిలబడి పిలిచినట్టే పిలిచాడు. “నేను పప్పులో కాలేశాను. సాయంత్రానికి ఈయన్ని నిజంగానే చంపేసేవాణ్ణి.”

“తాడు ముందు పట్టుకున్నది మీరేగా. అది చాలు,” అంది ఆవిడ.

అప్పుడే అతని నడుముకున్న వైర్‌లెస్ గరగరలాడింది.

“ఇన్‌స్పెక్టర్, ఎక్కడున్నారు? రేవులో ఎవరూ లేరంటున్నారు. కంగారు పడాల్సిన పనేం లేదు కదా?”

తాపీ గొంతు. ప్రతి మాటా విడివిడిగా, ఎవరికో పాఠం చెప్పినట్టు పలికే గొంతు. పార్కు డైరెక్టరుది.

పక్షుల మనిషి చేతిలోంచి సీసా జారి బండ మీద పడింది. వేలు వైర్‌లెస్ వైపు లేచింది. తల నిలువుగా ఊగింది, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

ఉడుము మెడ నరాలు ఉబ్బాయి. అరవడానికి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఇన్నేళ్ళూ జనం చేత నోరు తెరిపించడమే వృత్తిగా బతికిన అల్లుడు, జీవితంలో మొదటిసారి ఒకరి నోరు మూశాడు. రక్తం అంటిన అరచేత్తో, మొత్తం బరువంతా వేసి మూశాడు. కానిస్టేబుళ్ళు ఇద్దరూ ఉడుము కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకున్నారు.

ఇన్‌స్పెక్టరు వైర్‌లెస్‌ని గుండెకి అదుముకుని అత్తగారి కళ్ళలోకి చూశాడు. ఆవిడ, వెక్కి వెక్కి ఏడుస్తున్న అమ్మాయి వైపు చూసి, మళ్ళీ అతని వైపు చూసింది. అంతే. ఒకప్పుడు ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాడికి అంతకన్నా అక్కర్లేదు. వైర్‌లెస్‌ని ఆ అమ్మాయి ఏడుపుకి కాస్త దగ్గరగా పెట్టి, మీట నొక్కాడు.

“సార్, దొరికాడు సార్,” అన్నాడు బరువైన గొంతుతో. “బాడీ దొరికింది.”

కొద్దిసేపు గరగర. ఆ గరగరలో ఎవరో నెమ్మదిగా ఊపిరి వదిలిన చప్పుడు.

“అయ్యో పాపం. ఆమె ఏడుపు వినిపిస్తోంది. నా సానుభూతి చెప్పండి.”

“చెబుతాను సార్. మీరు ఆఫీసులోనే ఉండండి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు, రెండో చేత్తో కానిస్టేబుల్ నడుమునుంచి బేడీలు తీసుకుంటూ. “మీరే స్వయంగా చెబుదురు గాని. అందరం అక్కడికే వస్తున్నాం.”